ముందు ఇంటిపేరు, తరువాత టేపు

బమాకో, మెదీనా కూరా పేట
వానకాలం ఆరంభం

కళాశాలలో నా ప్రతివాదివి, కుతియాలాలో బడిపంతులువు, ఎక్కడున్నా మా వంశానికి బానిసవు అయిన ఫామోరీ కెయిటాకు, దొరసాని నియేలే కులిబాలీ వ్రాయునది.

కులిబాలీలు కెయిటాలకు దొరలన్న సత్యాన్ని ముందుగా ప్రకటించకపోతే మన రెండు ఇంటిపేర్ల మధ్య ఉన్న పరిహాసపు వరసకు భంగం. అందుకని మొదట ఆ పని ముగించాను. ఇక విషయం.

సమ్మెతో కళాశాల మూతబడి నీకు ఉద్యోగం దొరికింది. నాకు తీరిక దొరికింది. ఆ తీరికలో నేను ఒక నిర్ణయానికి వచ్చాను. దర్జీ పని నేర్చుకుంటున్నాను. నవ్వడం అయ్యాక ఇక్కడినుంచి చదువు. నాలుగేళ్ళు సభల్లో వాదించి నేను మెప్పించినవాళ్ళంతా చప్పట్లు కొట్టి భోజనానికి వెళ్ళిపోయారు. మా అమ్మ కుట్టిన గౌన్లు మాత్రం మా వీధిలో అక్కనుంచి చెల్లికి, చెల్లినుంచి మేనకోడలికి దిగుతూ ఇంకా తిరుగుతున్నాయి. ఈ రెండింటిలో ఏది ఎక్కువకాలం నిలిచే మాటో తేల్చడానికి నాకు న్యాయనిర్ణేతలు అవసరం కాలేదు.

నాన్న ఒప్పుకున్నారు, ఒక షరతుతో. వచ్చే బక్రీదు కాదు, ఆ పై బక్రీదు నాటికి మేస్త్రీ నాకు దీవెన ఇచ్చి కత్తెర చేతిలో పెట్టాలి. లేదా నేను సెగూకు తిరిగివెళ్ళి బాబాయి ధాన్యపు గిడ్డంగిలో బస్తాలు లెక్కపెట్టాలి. దీవెన లేకుండా దుకాణం పెడితే ఏమవుతుందని అడిగాను. "ఎవరు దీవించారమ్మా అని మొదటి గిరాకీ అడుగుతుంది. రెండో గిరాకీ రాదు," అన్నారు నాన్న. విచారించాను, నిజమే.

మా మేస్త్రీ పేరు మోలోబాలీ కులిబాలీ. మాకు చుట్టరికం లేదు, ఇంటిపేరు ఒక్కటే. నిలువుటంగీలు కోయడంలో ఈ పేటలో ఆయనదే పైచేయి. కాని ఆయన పని పద్ధతి మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. గిరాకీ లోపలికి రాగానే ఆయన టేపు తీయడు; ఇంటిపేరు అడుగుతాడు. నిన్న జరిగింది విను.

"ఇంటిపేరేంటి అన్నా?"

"త్రవోరే."

"చంపావు. పొద్దున్నే ఈ మొహం చూడాల్సి వచ్చిందా? లసీనే, కత్తెరలన్నీ లోపల దాచరా, త్రవోరే వచ్చాడు."

"నీ కత్తెర ఎవడిక్కావాలి, అలసందల మూటా? నీ కొట్టుకు దారి అడగక్కర్లేదు, వాసనే తీసుకొచ్చింది."

కులిబాలీలంతా అలసందల తిండిపోతులన్న పాత ఎగతాళి మీద ఇలా ఎంతసేపు సాగిందో చెబితే నమ్మవు. కడుపులు పట్టుకుని నవ్వడం పూర్తయ్యాకే కొలత మొదలైంది. ఈ ప్రహసనాన్ని మానితే రోజుకు మరో అంగీ పూర్తవుతుందని నేను సహేతుకంగా నిరూపించాను. మేస్త్రీ శ్రద్ధగా విని, చీపురు నా చేతికిచ్చి అన్నాడు: "ఆ మూల దారప్పోగులు పడున్నాయి తల్లీ. కాసేపు వాటితో వాదించు."

ప్రత్యుత్తరం కోరుతూ,
నియేలే

*

కుతియాలా
పత్తి విత్తే రోజులు

అలసందలు మేసి అలసందలే కలగనే మహావంశంలో జన్మించి, ఇప్పుడు చీపురు చేపట్టి ఆ వంశాన్ని మరింత ప్రకాశింపజేస్తున్న నియేలే కులిబాలీకి, ఆమె నిజమైన యజమాని ఫామోరీ కెయిటా వ్రాయునది.

నీ లేఖ అందింది. నవ్వడం అయ్యాకే చదవమన్నావు గనుక చదవడానికి వారం ఆలస్యమైంది.

నీ నిర్ణయాన్ని నేను ఖండించను. ఖండించిన ప్రతిసారీ ఏం జరిగిందో సభలోని బల్లలకు కూడా తెలుసు. అయితే ఒక్క సందేహం. దర్జీ పనిలో నోటినిండా గుండుసూదులు పెట్టుకుంటారట కదా. అంటే రోజులో చాలా భాగం నీవు మౌనంగా ఉండవలసి వస్తుంది. ఈ సంగతి చేరేముందు నీకెవరైనా చెప్పారా?

మీ మేస్త్రీ మోలోబాలీకి నా మాటగా చెప్పు: ఈ పిల్లకు కాజాలు కుట్టడం నేర్పేటప్పుడు మొదటి కాజా ఆమె పై పెదవికి, గుండీ కింది పెదవికి వేయించండి. ఒక కులిబాలీ మరో కులిబాలీకి పని నేర్పడమంటే గుడ్డివాడు గుడ్డివాడికి ఆకాశం చూపించడమే అయినా, ఆ ఒక్క గుండీ పెడితే దేశానికి మేలు చేసినవారవుతారు.

ఇక్కడ నా విద్యార్థులకు త్రికోణాలు చెబుతున్నాను. వారు నన్నుకాక కిటికీలోంచి పత్తి చేలను చూస్తున్నారు. వారితో ఏకీభవిస్తున్నాను.

నీ యజమాని,
ఫామోరీ

*

బమాకో
చలిగాలుల కాలం

బానిసకు,

నీ లేఖ వల్ల ఘోరం జరిగింది. దాన్ని మా పెద్ద శిష్యుడు లసీనే నా చేతిలోంచి లాక్కుని, మిషన్లన్నీ ఆపించి, దుకాణమంతా వినేలా చదివాడు. కాజా దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఆపైన నీకు సమాధానం చెప్పమని నన్ను ఆజ్ఞాపించాడు. ఉన్నదున్నట్టు వ్రాస్తున్నాను: "ఆ కెయిటా కుర్రాడికి చెప్పు, మా తాత దగ్గర వాళ్ళ తాత పశువులు కాసేవాడు, అవి కూడా వీడికంటే తెలివైనవి. పంతులుద్యోగం వచ్చిందట, సంతోషం. పిల్లల్ని చెడగొట్టడానికి సర్కారు జీతం ఇస్తోందన్నమాట." ఇప్పుడు ప్రతివారం నన్ను అడుగుతాడు, కెయిటా ఏమైనా వ్రాశాడా అని. నా పని ఎంతవరకు వచ్చిందో మాత్రం ఎన్నడూ అడగడు.

ఎంతవరకు వచ్చిందో నీకు చెబుతాను. మొదట బొగ్గుల ఇస్త్రీపెట్టెలో నిప్పు నిలపడం. నివురు ఒక్క రవ్వ గుడ్డమీద పడినా నేరమే. తరువాత అంచులు మడిచి చేతికుట్టు. తరువాత కుట్టినదంతా విప్పడం. ఇందులో నాకిప్పుడు అసాధారణ ప్రావీణ్యం ఉంది. ఈ మధ్యనే కత్తెర ఇచ్చారు. గుడ్డ కాదు, సిమెంటు సంచుల కాగితం కోయడానికి. మేడలు కట్టినచోటల్లా తిరిగి ఖాళీ సంచులు ఏరుకొచ్చి, దులిపి, పరిచి, సుద్దతో గీసి కోస్తాను. దగ్గుతాను. మళ్ళీ కోస్తాను.

"ఇదేంటమ్మా?"

"చంక, మేస్త్రీ."

"ఎవరిది? దోమదా?"

అయినా నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మెడ కోతకు నేనొక సూత్రం రూపొందించాను. మెడ చుట్టుకొలతను భాగించి, ముందరి లోతు, వెనుక లోతు వేరువేరుగా తేల్చి, అట్టముక్క మీద గీసి చూపించాను. మేస్త్రీ కొట్టివేశాడు. నేను నాలుగు రోజులు వాదించాను. ఐదవ రోజు విసిగి, "సరే, వేసి చూద్దాం, లేకపోతే నువ్వు మమ్మల్ని అన్నం తిననివ్వవు," అన్నాడు. వేసి చూశాం. మెడ బిగుసుకోలేదు, జారలేదు, అద్దినట్టు కూర్చుంది. ఆ అట్టముక్క ఇప్పుడు గోడకు మేకుపై వేలాడుతోంది. లసీనే సైతం దాన్నే వాడుతున్నాడు. వాదం పనికిరాదని ఎవరన్నారు?

నియేలే

*

కుతియాలా
ఎండలు ముదిరాక

దొంగ దొరసానికి,

మెడ నెగ్గినందుకు అభినందనలు. మెడలు వంచడం నీకు కళాశాల నాటినుంచే అలవాటు గనుక ఆశ్చర్యపడలేదు.

ఈ క్రింది వాక్యం మీ మేస్త్రీకి బిగ్గరగా చదివి వినిపించు: "మోలోబాలీ ముసలాయనా, మా తాత కాసిన పశువుల్లో ఒకటి తాడు తెంపుకుని బమాకో పారిపోయిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అక్కడ కుట్టుమిషను తొక్కుతోందని మీ ఉత్తరం వల్ల తెలిసింది. కుశలమేనా?"

మూడురోజుల జ్వరం తరువాత వ్రాస్తున్నాను, అందుకే తిట్లు పలుచగా ఉన్నాయి. మన్నించు. వచ్చేసారి గంజి దట్టంగా పెడతాను.

ఫామోరీ

*

బమాకో
రెండవ బక్రీదుకు ముందు

బానిసకు,

క్లుప్తంగా వ్రాస్తాను, నా చేతికి తీరిక లేదు. పండుగకు ముందు ఈ పట్టణంలో దర్జీలు నిద్రపోరని నీకు తెలుసు. లసీనే కుర్చీలోనే కునుకు తీసి, కునుకులోనూ మిషను తొక్కుతున్నాడు.

మేస్త్రీ నాకొక పూర్తి అంగీ అప్పగించాడు. కొలత నుంచి చివరి టాకా వరకు నాదే. గిరాకీ మామూలు మనిషి కాదు. మక్కా వెళ్ళివచ్చిన హాజా మస్సరా. పెద్ద అంగడిలో నూనె వర్తకం. ఆమె పెనిమిటికి పండుగనాటి అంగీ. గుడ్డ ముదురు నీలి బజిన్. అద్ది, గంజిపెట్టి, కొయ్య సమ్మెటలతో బాదించిన గుడ్డ. ఎదురుగా నిలబడితే నీ మొహం కనిపిస్తుంది. ఛాతీ మీద దారపు అల్లికపని నేనే గీసి, నేనే కుట్టాను. ఇది సవ్యంగా ఇంటికి చేరితే పండుగ వెళ్ళగానే దీవెన ఇస్తానని మేస్త్రీ అందరి ముందూ అన్నాడు. నాన్నకు కబురు పంపాను.

నా దుకాణానికి ఏ పేరు పెట్టాలో ఆలోచించు. "కెయిటాలకు ప్రవేశం లేదు" అన్నది ఇప్పటికి నా మనసులో ఉంది.

నియేలే

*

కుతియాలా
పండుగ మరునాడు

మేస్త్రిణి నియేలే కులిబాలీ గారికి,

పొట్టేలు మాంసం తిన్న చేతితో వ్రాస్తున్నాను. కాగితం మీద మరకను ఆశీర్వాదంగా స్వీకరించు. ఈపాటికి దీవెన అందే ఉంటుంది. హాజా పెనిమిటి ఆ అంగీలో నమాజుకు నడుస్తుంటే నీలి మెరుపుకు పొట్టేళ్ళు సైతం తలతిప్పి చూశాయని ఊహించుకున్నాను. దుకాణం పేరు: "వాదించి కుట్టబడును."

త్వరగా వ్రాయి. మీ మేస్త్రీ నన్ను తిట్టి చాలాకాలమైంది. ఒంట్లో బాగుండడం లేదు.

ఫామోరీ

*

బమాకో
పండుగ వెళ్ళిన వారం

ఫామోరీ,

నీ పరిహాసం చేరిన రోజు బాగుండలేదు. తప్పు నీది కాదు.

దీవెన లేదు. జరిగినది జరిగినట్టు చెబుతాను; తీర్పు నీకు విడిచిపెడుతున్నాను.

అంగీ పూర్తయింది. ఛాతీ మీద సుద్దగీత ఒకటి చెరగలేదు. హాజా వీధి మలుపులో కనిపిస్తోంది. నేను తడిగుడ్డతో తుడిచాను. మామూలు నూలు గుడ్డ అయితే ఎవరైనా చేసే పనే. బాదిన బజిన్‌కు నీరు తగిలితే మెరుపు చచ్చిపోతుంది. నాకు తెలుసు, తెలిసీ చేయి ముందుకు పోయింది. అరచేతంత మేర మసకబారింది.

హాజా అంగీ విప్పి చూసింది. పండుగ గిరాకీలతో దుకాణం కిక్కిరిసి ఉంది.

"ఇదేంటే ఛాతీ మీద? ఆవు నాకిందా?"

నేను ఆమెను మూడు ప్రశ్నలు అడిగాను. అద్దకం ఎవరిచేత వేయించారు? తన పినతల్లి కూతురిచేత. ఆ వారం వాన పడిందా? పడింది. సమ్మెటలకు పంపేముందు గుడ్డ పూర్తిగా ఆరిందని మీరు స్వయంగా చూశారా? చూడలేదు. "అయితే ఆరని చోట గంజి నిలవదు, నిలవని చోట మెరుపుండదు. ఈ మచ్చ మీ ఇంటినుంచే వచ్చింది, హాజా," అన్నాను. వెనుక బల్లమీద ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "చదువుకున్నదానివి. నువ్వే గెలిచావు తల్లీ," అని, అంగీని బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

నేను అసత్యం చెప్పలేదని మనవి. సంభావ్యమైన ఒక కారణాన్ని సమర్థించాను.

గిరాకీలు వెళ్ళాక మేస్త్రీ నా పక్కన కూర్చున్నాడు. అరవలేదు. "మచ్చ నీ తడిగుడ్డదని నాకు తెలుసు. ఒక్క మాట చెప్పి ఉంటే సమ్మెటల వాళ్ళ దగ్గరికి నేనే పరిగెత్తేవాణ్ణి. కాస్త గంజి, నాలుగు దెబ్బలు, పొద్దుగూకేలోపు పోయేది. ఇప్పుడు నువ్వన్న మాటకు ఏ గంజి పెట్టను?" అన్నాడు. కత్తెర తీసుకుని మేకుకు తగిలించాడు. అప్పటినుంచి నన్ను ఏమీ అనడం లేదు. దోమ చంక అని కూడా అనడం లేదు.

నాన్న నెలాఖరుకు నన్ను తీసుకుపోవడానికి వస్తున్నారు.

నియేలే

*

కుతియాలా

నియేలే,

తీర్పు అడిగావు. ఇవ్వను. ఒక్కటే ప్రశ్న, నీ పద్ధతిలోనే.

హాజా ఇంటిపేరేమిటి?

ఫామోరీ

*

బమాకో
నెల మధ్యలో

ఫామోరీ కెయిటాకు,

నీ ప్రశ్నకు సమాధానం వెతకవలసి వచ్చింది. ఆమె కొలతలు చెప్పడానికి వచ్చిన రోజు పని తొందరలో నేను ఇంటిపేరు అడగలేదు. నీ లేఖ చూశాక లసీనేను అడిగి తెలుసుకున్నాను. కెయిటా. సంతోషమా?

ఇక నా ప్రశ్న. నిన్న నేను దారపు కండెల కోసం బజారుకు వెళ్ళి వచ్చేసరికి, మేస్త్రీ ఒళ్ళో పెద్దలకు మర్యాదగా ఇచ్చే కోలాకాయల పొట్లం ఉంది. మొహాన రెండు వారాలుగా లేని నవ్వు ఉంది. "ఎవరో ఎముకల గూడు వచ్చిపోయిందిలే," అన్నాడు. లసీనే నోరు ఎంతసేపు ఆగుతుంది? అంతా చెప్పాడు. నీవు వాకిట్లో చెప్పులు విడిచి, నేలమీద కూర్చుని, "ఈ పిల్ల మా ఇంటి బానిస. మా ఆస్తి పాడైపోతుంటే చూస్తూ ఊరుకుంటామా ముసలాయనా? కోపం దించుకో," అన్నావట. "కెయిటా వచ్చి అడిగితే కాదనే కులిబాలీ ఇంకా పుట్టలేదురా. కోపం పోయింది, తీసుకెళ్ళు. కానీ దీవెన నా దగ్గర లేదు. అది హాజా వెంట ఆమె ఇంటికి పోయింది," అని మేస్త్రీ అన్నాడట.

నన్ను అడగకుండా నా పక్షాన మాట్లాడే అధికారం నీకెవరిచ్చారు? ఇంటిపేర్ల మహిమ వల్ల లభించే క్షమకు విలువేమిటి? పరిహాసపు వరస లేని ఇంటిపేరుతో నీవు పుట్టి ఉంటే నా తప్పు పెద్దదయ్యేదా? నేను నా పనితో దీవెన సంపాదించుకోవాలనుకున్నాను. పాతకాలపు ఎగతాళి వరసతో కాదు. వాదానికి జవాబు వాదమే కావాలి. జోకు జవాబు కాదు. అది తప్పించుకునే దొడ్డిదారి.

బస్సు ఎక్కి అంతదూరం వచ్చి, నన్ను చూడకుండా వెళ్ళినందుకు వేరే కోపం ఉంది. దాన్ని ఇక్కడ వ్రాయను.

నియేలే

*

కుతియాలా

నియేలేకు,

చూడకుండా వెళ్ళింది ఎందుకంటే, చూస్తే నీవు వాదిస్తావు. వాదిస్తే నేను ఓడిపోతాను. ఓడిపోతే నీవు సెగూలో బస్తాలు లెక్కపెడతావు.

నీ వాదంలో తర్కదోషం లేదు. ఎప్పుడూ ఉండదు. అందుకే ఇన్నేళ్ళు చెప్పని సంగతి ఒకటి ఇప్పుడు చెబుతున్నాను.

మూడో సంవత్సరంలో గ్రామీణ వర్తకం మీద మన పోటీ జరిగింది. మా అమ్మ సంతలో జొన్నలు కొలిచి అమ్ముతుందని నేనే ఉదాహరణగా చెప్పాను. నీవు లేచి, ఆ ఉదాహరణనే తీసుకుని, అది వర్తకం కాదనీ, అజ్ఞానం అలవాటుగా మారడమనీ మూడు మెట్లలో నిరూపించావు. సభ నవ్వింది. నవ్వు వచ్చేంత చక్కగానే చెప్పావు. ఆ తరువాత నేను నెలరోజులు సభకు రాలేదు. మలేరియా అనుకుని నీవు నిమ్మకాయలు పంపావు. మలేరియా కాదు.

తిరిగి రావడానికి కారణం కూడా నీ వాదం కాదు. ఒకరోజు భోజనశాలలో నా పళ్ళెంలో అలసందలు చూసి, "ఏమిటిది, కెయిటాలు కూడా మతం పుచ్చుకున్నారా? రండి, మా వంశంలో ఖాళీలున్నాయి," అన్నావు. నెల తరువాత నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. మరునాడు సభకు వచ్చాను. నీవు నన్ను ఓడించావు. బాధ కలగలేదు.

దొడ్డిదారి అన్నావు. కావచ్చు. వీధి తలుపు నీవే మూసిన ఇంట్లోకి మరి ఏ దారిన వెళతావు?

ఎముకల గూడు అన్నందుకు మీ మేస్త్రీకి తగిన సమాధానం తయారవుతోందని చెప్పు.

ఫామోరీ

*

బమాకో
నెలాఖరు

ఫామోరీకి,

నీ లేఖ చదివాక మూడు సమర్థనలు తోచాయి. మూడూ పటిష్ఠంగా ఉన్నాయి. మూడింటినీ వ్రాసి, మూడింటినీ చించాను. మీ అమ్మగారి విషయంలో నేను చేసింది తప్పు. దానికి కారణాలు జతచేయడం లేదు.

మరునాడు మసకబారిన అంగీని చంకన పెట్టుకుని హాజా ఇంటికి వెళ్ళాను. దారిపొడవునా ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. ఆమె ముంగిట్లో చాపమీద కూర్చుని, కూతుళ్ళచేత జుట్టు అల్లించుకుంటోంది.

"వచ్చావా వకీలమ్మా? ఇవాళ కేసేంటి?"

ప్రసంగం మొదటి వాక్యం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అమ్మా, మీ ఇంటిపేరేంటి?"

అల్లుతున్న చేతులు ఆగిపోయాయి. "ఇప్పుడా అడిగేది?"

"ఆలస్యమైంది. అయినా అడుగుతున్నా."

"కెయిటా."

"మరి ముందే చెప్పొద్దూ? కెయిటాల ఛాతీ మీద ఏదీ మెరవదని మా తాత చెప్పేవాడు. నేను వినకుండా మెరిపించబోయాను, చివరికి నా చేత్తో నేనే తడిగుడ్డ పెట్టి తుడిచేశాను. మీ చెల్లెలి అద్దకం బంగారం. వాన ఏం చేయలేదు. చేసింది ఈ చెయ్యి."

చిన్న కూతురు నవ్వాపుకోలేక దువ్వెన జారవిడిచింది. అప్పుడు హాజా చాపమీదనుంచి మెల్లగా లేచి నిలబడింది.

"ఒసే అలసందల బస్తా, నా మొగుడి ఛాతీ గురించి మాట్లాడేంత దానివయ్యావా? ఆయన కెయిటా కూడా కాదే. అది నా పుట్టింటి పేరు. ఆయన కులిబాలీ. మీవాడే. పాతికేళ్ళుగా భరిస్తున్నా."

ఆపైన నన్ను వదలలేదు. నా మూతి గురించి, మా తాతల గురించి, మా వాళ్ళ ఆకలి గురించి, పొద్దు వాలేదాకా చెడతిట్టింది. ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. ప్రతిదానికీ నా దగ్గర జవాబుంది. కొన్ని ఇచ్చాను కూడా, లేకపోతే ఆమెకు అవమానం. కానీ చివరి మాట మాత్రం ఆమెకే వదిలేశాను. ఫామోరీ, దానంత బరువైన పని నేను జీవితంలో చేయలేదు. నాలుక మీద పండిన మంచి జవాబు ఒకదాన్ని అలాగే ఇంటికి మోసుకొచ్చాను.

మరునాడు ఇద్దరం కలిసి సమ్మెటల వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. గంజి పెట్టారు, ఆరబెట్టారు, ఎదురెదురుగా కూర్చుని దరువేసినట్టు బాదారు. మెరుపు వచ్చింది. ఏటవాలు వెలుతురులో చూస్తే మాత్రం ఒక చిన్న నీడ కనిపిస్తుంది. ఇంకోసారి బాదిద్దామన్నాను.

"వద్దు, ఉండనీ. ప్రతి పండక్కీ నిన్ను తిట్టడానికి నాకో వంక కావాలిగా," అంది.

నాన్న వచ్చిన రోజున ఆమె తానుగా దుకాణానికి వచ్చింది. మేస్త్రీ మిషన్లు ఆపించాడు. అందరం అరచేతులు పైకి తెరిచి నిలబడ్డాం. "దేవుడు నీ సూదికి కన్ను మూయకుండుగాక. నీ దారం ముడిపడకుండుగాక. నీ గుమ్మం ముందు ఎండలో ఎవరూ నిలబడి ఎదురుచూడకుండుగాక. నీకు మాటవినే శిష్యులు కాక, నీవంటి శిష్యురాలు దొరికి నన్ను తలుచుకొందువుగాక." చివరిదానికి లసీనే అందరికంటే గట్టిగా ఆమీన్ అన్నాడు. మేస్త్రీ కత్తెర నా చేతిలో పెట్టాడు. అక్కడ కృతజ్ఞతా ప్రసంగానికి చక్కని అవకాశం ఉండింది. నేను కూడా ఆమీన్ మాత్రమే అన్నాను. నాన్న బాబాయికి కబురు పంపుతానన్నారు, లెక్కలకు వేరే మనిషిని చూసుకోమని.

ఒక కోరిక. మీ అమ్మగారికి ఒక జత బట్టలు కుట్టాలని ఉంది. గుడ్డ నాది. ఆమెకు ఇష్టమైన రంగు కనుక్కుని వ్రాయి. నీ అభిప్రాయం అక్కరలేదు.

నియేలే

*

కుతియాలా

దీవెన పొందిన దొరసానికి,

నీవు చివరి మాట వేరొకరికి వదిలేశావన్న వార్త మా బడిలో ప్రకటించాను. ఎవరూ నమ్మలేదు. సాక్షి సంతకంతో మరో ఉత్తరం పంపగలవా?

అమ్మకు ఆకుపచ్చ ఇష్టం. ఎవరు కుడుతున్నారని అడిగితే, ఒకప్పుడు మా కళాశాలలో నోటితో మనుషుల్ని కోసేది, ఇప్పుడు కత్తెరతో గుడ్డలు కోస్తోంది అని చెప్పాను. "అయితే మెరుగేగా," అంది. మూడో సంవత్సరపు సంగతి ఆమెకు నేనెన్నడూ చెప్పలేదు, చెప్పను. ఆమె కొలతలు నేనే తాడుతో కొలిచి వేరే కాగితం మీద వ్రాసి పంపుతున్నాను. త్రికోణాలు చెప్పే పంతులు కొలతలు గనుక అనుమానం పెట్టుకోకు.

ఎముకల గూడు,
ఫామోరీ

*

బమాకో

బానిసకు,

కొలతలు అందాయి. అన్నీ అబద్ధాలు. ఈ నడుముతో ఈ భుజాలున్న మనిషి భూమి మీద నిలబడలేదు. ఏ తల్లీ కొడుకు చేతిలో తాడు చూసి మామూలుగా ఊపిరి తీసుకోదు. నీ కాగితాన్ని లసీనేకు ఇచ్చాను, నవ్వుకోవడానికి దాచుకున్నాడు.

గది చూసుకున్నాను, మిషను బిగించాను, బయట బల్ల వేయించాను. తలుపు మాత్రం ఇంకా తెరవలేదు. తొలి గిరాకీ కొలత నా చేత్తో తీసుకున్నాకనే తెరుస్తాను. శుక్రవారం బస్సుకు ఆకుపచ్చ గుడ్డ, టేపు తీసుకుని కుతియాలా వస్తున్నాను. మూడో సంవత్సరంలో ఏమన్నానో మీ అమ్మగారికి నేనే చెబుతాను. ఆ తరువాత ఆమె ఏమన్నా, చివరి మాట ఆమెదే.

నీవు ఇంట్లో ఉండనవసరం లేదు. ఉండదలిస్తే వాకిట్లో కూర్చో. పిలిచినప్పుడు టేపు రెండో కొస పట్టుకుందువుగాని.

నియేలే